అక్వేరియం క్రేఫిష్‌లో కోరుకున్న రంగును తరతరాలుగా నిలబెట్టడం ఎలా

షాపుల్లో ‘బ్లూ లాబ్‌స్టర్’, ‘ఆరెంజ్ లాబ్‌స్టర్’ పేర్లతో అమ్మే మంచినీటి క్రేఫిష్‌లను (పెద్ద డెక్కలున్న రొయ్యలాంటి జీవులను) పెంచేవాళ్లకు ఏదో ఒక రోజు ఒకే కోరిక పుడుతుంది. ఉన్నవాటిలో మంచి రంగున్న జంటను కలిపి, పిల్లలన్నీ అదే రంగులో వచ్చేలా చేయాలని. ఇంట్లో మూడు నాలుగు తొట్టెలు, కొన్ని ప్లాస్టిక్ డబ్బాలు, ఏడాదిన్నర ఓపిక ఉంటే ఇది చేయగలిగిన పనే. అయినా చాలామంది మొదటి కాన్పు దగ్గరే ఆగిపోతారు. నిండు నీలం జంటకు గోధుమరంగు పిల్లలు పుడతాయి. లేదా చూడముచ్చటగా పెరిగిన పిల్లలు కొత్త ఇంటికి వెళ్లగానే వెలిసిపోతాయి. కంటికి కనిపించే రంగులో పుట్టుకతో వచ్చింది ఎంత, తిండి వల్ల, తొట్టె అడుగు వల్ల, కుబుసం వల్ల వచ్చింది ఎంత అని వేరు చేయకుండా జత కలిపితే ఇలాగే అవుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ వేరుచేసే పనికే ఇస్తున్నాను.

ముందు జాతి తేల్చుకోండి

అక్వేరియంలో రంగుల కోసం ఎక్కువగా పెంచేవి రెండు జాతులు. ఒకటి ప్రొకాంబరస్ క్లార్కీ. దీని సొంత ఊరు అమెరికా దక్షిణ ప్రాంతం, మెక్సికో ఈశాన్య ప్రాంతం. మామూలుగా ముదురు ఎరుపులో ఉంటుంది. పెంపకందారులు దీనిలోంచి నీలం, తెలుపు, నారింజ రకాలు తీశారు. రెండోది ప్రొకాంబరస్ అల్లెనై. ఇది ఫ్లోరిడాది. ‘ఎలక్ట్రిక్ బ్లూ’ అనే పేరు ఎక్కువగా దీనికే వాడతారు. రెండింటినీ ఒక తొట్టెలో కలపకండి. వీపు పెంకు మీద తల వెనక నుంచి తోక వైపు సాగే రెండు గీతలు చూడండి. క్లార్కీలో ఆ రెండూ నడుమ ఖాళీ లేకుండా ఒకే గీతలా కలిసిపోతాయి. మధ్యలో సన్నని ఖాళీ కనిపిస్తే అది క్లార్కీ కాదు.

పొరపాటున కూడా మొదలుపెట్టకూడని జాతి ఒకటుంది, మార్బుల్డ్ క్రేఫిష్. 1990లలో జర్మనీ అక్వేరియం వ్యాపారంలో ఇది మొదటిసారి కనిపించింది. దీనిలో మగవి ఉండవు. ఆడదే మగదానితో పని లేకుండా గుడ్లు పెడుతుంది. పిల్లలన్నీ తల్లికి నకళ్లే. ఎంచుకోవడానికి తేడాలే లేనప్పుడు ఎంపిక అన్న మాటకే తావు లేదు. పైగా ఒక్కటి బయటపడినా చెరువు నిండిపోతుంది. పెంకు మీద పాలరాయి మీద ఉన్నట్టు మచ్చలుండి, ఒంటరిగా ఉన్నది గుడ్లు పెట్టిందని ఎవరైనా చెబితే దాన్ని ఇంటికి తెచ్చుకోకండి.

కొనేటప్పుడు మన దేశంలోనే పెంపకంలో పుట్టిన పిల్లలను కొనండి. పూర్తిగా ఎదిగిన జంట కన్నా 2–3 సెంటీమీటర్ల పిల్లలు ఆరేడు కొనడమే మేలు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

రొయ్యల ఇగురు వండిన ప్రతివాళ్లూ ఈ పాఠం సగం చూసే ఉంటారు. బూడిదరంగు రొయ్య మూకుట్లో వేయగానే ఎర్రబడుతుంది. దాని పెంకులో అస్టాజాంథిన్ అనే ఎర్రటి వర్ణకం ముందు నుంచే ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు అది ఒక ప్రొటీన్‌తో ముడిపడి ఉండటం వల్ల నీలంగానో, బూడిదగానో, పచ్చగానో కనిపిస్తుంది. వేడికి ప్రొటీన్ చెడిపోగానే అసలు ఎరుపు బయటపడుతుంది. క్రేఫిష్‌లోనూ ఇదే ఏర్పాటు. వర్ణకం ఎంత ఉంది, దాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ ఎంత ఉంది, అవి ఎలా ముడిపడ్డాయి అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది.

ఇందులో మనకు పనికొచ్చే విషయం, ఈ వర్ణకాన్ని క్రేఫిష్ సొంతంగా తయారు చేసుకోలేదు. ఆకులు, నాచు, చిన్న చిన్న క్రస్టేషియన్ల (పెంకున్న రొయ్య జాతి జీవుల) ద్వారా వచ్చే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల నుంచే తీసుకోవాలి. తిండిలో అది లేకపోతే మామూలు ఎరుపు క్రేఫిష్ కూడా కుబుసం మారిన కొద్దీ నీలిబడుతుంది. జపాన్‌లో బడిపిల్లలు సెలవుల ప్రాజెక్టుగా చేసే ప్రయోగం ఇదే. ఎరుపు క్రేఫిష్‌కు కొన్ని నెలలు చేప ముక్కలు మాత్రమే పెడితే అది నీలమవుతుంది, ఇంకా కొనసాగిస్తే తెల్లబడుతుంది. మళ్లీ ఆకులు, గుళికలు పెడితే ఎరుపు తిరిగొస్తుంది. పెంపకపు టైగర్ రొయ్యల్లోనూ మేతలో కెరోటినాయిడ్లు తగ్గితే ఒళ్లు నీలిబడుతుంది.

అంటే షాపులో మీరు ముచ్చటపడ్డ నీలం పుట్టుకతో వచ్చిందా, ఆకలి వల్ల వచ్చిందా అన్నది చూపుతో తేలదు. తేల్చే దారి ఒక్కటే. తెచ్చిన ప్రతి క్రేఫిష్‌నూ కెరోటినాయిడ్లున్న మేత మీద ఉంచి, కనీసం రెండు కుబుసాలు మారేదాకా ఆగండి. అప్పటికీ నీలం నీలంగానే ఉంటే అది జన్యువుల్లోంచి వచ్చింది. గోధుమకో ఎరుపుకో తిరిగితే దాన్ని పెంపుడు జంతువుగా ప్రేమగా ఉంచుకోండి, జతకు మాత్రం వాడకండి. అందరూ దాటేసే మెట్టు ఇదే. మొత్తం పనిలో నేను దేన్నీ దీనికన్నా ముఖ్యమైనదిగా చూడను.

తొట్టెలు, నీళ్లు

పెద్ద హంగు అక్కర్లేదు. 24×12×12 అంగుళాల తొట్టెలో సుమారు 55 లీటర్లు పడతాయి. అలాంటివి మూడు చాలు: మగదానికి ఒకటి, ఆడదానికి ఒకటి, పిల్లలకు ఒకటి. ప్రతిదానికీ ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. కొత్త తొట్టెను మూడు నాలుగు వారాలు నడిపి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే క్రేఫిష్‌ను వదలండి. మూత గట్టిగా ఉండాలి. గాలి పైపు పట్టుకుని పైకెక్కి, మూలనున్న సందులోంచి బయటపడటం వీటికి బాగా వచ్చు.

బోరు నీళ్లలో ఉండే సున్నం చాలా చేపలకు ఇబ్బంది, క్రేఫిష్‌కు మాత్రం వరం. పెంకు కట్టుకోవడానికి కాల్షియం కావాలి. పీహెచ్ 7 నుంచి 8 మధ్య, కాస్త గట్టి నీళ్లు సరిపోతాయి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లు వాడకండి. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలపాలి. వేడి 20–26 డిగ్రీల మధ్య ఉంటే గుడ్లు, పిల్లలు బాగా నిలుస్తాయి. మన ఎండాకాలంలో ఇది కష్టం. తొట్టె మీద చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో జత కలపకుండా ఉండటమే మంచిది. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా చేసుకోవచ్చు.

క్రేఫిష్ ఉన్న గదిలో దోమల మందు కొట్టకండి, ఆవిరి మందు యంత్రం పెట్టకండి. వాటిలో వాడే పైరెథ్రాయిడ్లు మనుషులకన్నా రొయ్య జాతికి ఎన్నో రెట్లు విషం. రాగి కలిసిన చేపల మందులు కూడా అంతే.

మేత విషయంలో ఒక్కటే నియమం: అన్ని తొట్టెలకూ, అన్ని డబ్బాలకూ ఒకే మేత. మునిగే గుళికలు, ఎండిన బాదం ఆకులు, వేడినీటిలో ముంచి తీసిన పాలకూర లేదా బీరకాయ ముక్క, వారానికి రెండు సార్లు కాస్త మాంసకృత్తులు. బజారు రొయ్య తలలు పెట్టాలనుకుంటే బాగా ఉడికించి పెట్టండి, పచ్చివి వద్దు. 1994 నుంచి మన తూర్పు తీరపు రొయ్యల చెరువులను కుదిపేసిన తెల్లమచ్చల వైరస్ క్రేఫిష్‌కూ సోకుతుంది. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది చావదు.

మగ, ఆడ గుర్తింపు

క్రేఫిష్‌ను వీపు మీదుగా, డెక్కల వెనక పట్టుకుని వెల్లకిలా తిప్పండి. మగదానికి తోక మొదట్లో రెండు జతల గట్టి పుల్లల్లాంటి అవయవాలు ముందుకు వంగి కాళ్ల మధ్య పడుకుని ఉంటాయి. ఆడదానికి అక్కడ మెత్తని చిన్న ఈదుడు కాళ్లే ఉంటాయి. వెనక కాళ్ల నడుమ గుండ్రటి చిన్న బొడిపె, దాని మీద వంకర చీలిక కనిపిస్తుంది. అదే వీర్యం దాచుకునే సంచి.

పదేపదే చేత్తో పట్టుకుంటే అవి బెదురుతాయి. అందుకే విడిచిన కుబుసాన్ని చూడటం నాకు ఇష్టమైన పద్ధతి. కుబుసం అంటే మీసాలతో సహా ఒంటి పైపెంకు మొత్తం ఊడి వచ్చే అచ్చు. దాన్ని చిన్న గరిటెతో తీసి, తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వెల్లకిలా తేలనివ్వండి. ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూస్తే మగదాని పుల్లలో, ఆడదాని బొడిపెనో స్పష్టంగా కనిపిస్తాయి. 2–3 సెంటీమీటర్ల పిల్లల్లో కూడా ఇలా తేల్చవచ్చు. చూశాక కుబుసాన్ని తిరిగి తొట్టెలోనే వేయండి. అందులోని కాల్షియం కోసం అవి దాన్ని తినేస్తాయి.

మగదాని ముఖం చూడని ఆడది కావాలి

ఈ జాతుల్లో ఆడది జతకట్టిన వెంటనే గుడ్లు పెట్టదు. వీర్యాన్ని ఆ చిన్న సంచిలో దాచుకుని వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆగి, తనకు అనువైనప్పుడు పెడుతుంది. ఒకే కాన్పులో ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలు కలిసి ఉండటమూ మామూలే. షాపు తొట్టెలో పదిమంది మగవాటి మధ్య పెరిగిన ఆడదాన్ని తెచ్చి మీ మేలిరకం నీలం మగదానితో కలిపితే, పుట్టిన పిల్లలు ఎవరివో చెప్పేవాళ్లుండరు. నీలం జంటకు గోధుమ పిల్లలు అనే వింత వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

దీనికి రెండు దారులున్నాయి. చిన్న పిల్లలను తెచ్చి, 3 సెంటీమీటర్లు దాటేలోపే మగ, ఆడ వేరుచేసి పెంచడం మొదటిది. వెచ్చని నీటిలో మూడు నాలుగు నెలలకే ఇవి ఈడుకొస్తాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు. రెండో దారి ఎదిగిన ఆడదాని కోసం. వీర్యం దాచే సంచి పైపెంకులోనే ఒక భాగం. కుబుసంతో పాటు ఆ సంచి, అందులో ఉన్నదీ రెండూ పోతాయి. కనుక ఆడదాన్ని ఒంటరిగా ఉంచి, అది ఒక్కసారి పెంకు వదిలేదాకా ఆగితే చాలు, పాత లెక్కలన్నీ చెరిగిపోతాయి. ఆ తేదీ తప్పకుండా రాసుకోండి.

జత కలపడం

కుబుసం విడిచాక వారం పది రోజులు ఆగి, ఆడదాని పెంకు పూర్తిగా గట్టిపడ్డాకే కలపండి. మెత్తగా ఉన్నప్పుడు కలిపితే మగది తినేస్తుంది. మగదాని కాళ్ల మొదట్లో చిన్న కొక్కేలు తేలి ఉంటే అది జతకు సిద్ధంగా ఉన్నట్టు. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి.

నాలుగో వంతు నీళ్లు కాస్త చల్లటివాటితో మార్చి, సాయంత్రం మగదాన్ని ఆడదాని తొట్టెలో వదలండి. మొదట డెక్కలు ఎత్తి పెనుగులాడతాయి. మగది ఆడదాని డెక్కలు రెండూ పట్టుకుని వెల్లకిలా తిప్పి, పొట్టకు పొట్ట ఆన్చి ఉంటే జత కుదిరినట్టే. ఇది నిమిషాలు పట్టవచ్చు, గంటలూ పట్టవచ్చు. దగ్గరే ఉండి చూడండి. విడిపోగానే మగదాన్ని తీసేయండి. ఒక గంట దాటినా కొట్లాట ఆగకపోతే కూడా తీసేసి, మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

గుడ్లు పెట్టే ముందు ఆడదాని తోక అడుగున తెల్లని పాలచారలు కనిపిస్తాయి. గుడ్లు అంటించుకునే జిగురు తయారవుతోందన్నమాట. గుడ్లు నల్లగా, ముదురు ఆకుపచ్చగా గుత్తిలా తోక కింద వేలాడతాయి. వందల్లో ఉంటాయి. చిన్న తల్లికి తక్కువ. వేడిని బట్టి మూడు నాలుగు వారాల్లో పొదుగుతాయి. పొదిగాక కూడా పిల్లలు రెండు కుబుసాలు మారేదాకా తల్లిని అంటిపెట్టుకునే ఉంటాయి. అవి తొట్టెలో స్వేచ్ఛగా తిరగడం మొదలుపెట్టాక తల్లిని వేరుచేయండి.

తొట్టె మీకన్నా ముందే ఎంపిక చేయకుండా

పిల్లలు ఒకదాన్నొకటి తింటాయి. పెంకు వదిలి మెత్తగా ఉన్నది ముందు బలవుతుంది. ఒకే తొట్టెలో వందమందిని వదిలేస్తే రెండు నెలలకు పది మిగులుతాయి. అవి అందరికన్నా మంచి రంగున్నవి కావు, అందరికన్నా త్వరగా పెరిగి దౌర్జన్యం చేసినవి. అంటే రంగు కోసం మీరు ఎంచుకునేలోపే సైజు కోసం, కోపం కోసం తొట్టె ఎంచేసుకుంది. పైగా అప్పుడు పిల్లల్లో ఎన్నింటికి ఎన్ని నీలం వచ్చాయన్న వంతుల లెక్క కూడా నమ్మలేం.

పిల్లల తొట్టె అడుగున బాదం ఆకులు, సన్నని పీవీసీ పైపు ముక్కలు, నైలాన్ వల చుట్టలు దట్టంగా పరవండి. దాక్కునే చోట్లు పిల్లల సంఖ్యకన్నా ఎక్కువ ఉండాలి. రోజుకు రెండు సార్లు కొద్దికొద్దిగా మేత వేయండి. 1.5 సెంటీమీటర్లు రాగానే చూపు పెట్టకుండా, అంటే రంగు చూసి కాకుండా, వలతో పైపైన తోడి నలభై పిల్లలను విడిగా తీయండి. వాటిని వీలైనంతవరకు ఒక్కో డబ్బాలో ఒక్కటి చొప్పున పెంచండి. హోటల్ పార్సిల్ వచ్చే లీటరు ప్లాస్టిక్ డబ్బాలు బాగా కడిగి వాడుకోవచ్చు. రోజు విడిచి రోజు సగం నీళ్లు మార్చాలి. శ్రమే, కాదనను. నలభై కుదరకపోతే ఇరవై అయినా ఇలా పెంచండి. డబ్బా మీద నెంబరు రాయండి. పెంకు మీద రంగు చుక్క పెడితే కుబుసంతో పోతుంది, కాబట్టి గుర్తు డబ్బాకే ఉండాలి.

డబ్బాల అడుగు కూడా ఒకే రంగులో ఉండాలి. తెల్లటి అడుగు మీద క్రేఫిష్ పాలిపోయి కనిపిస్తుంది, నల్లటి అడుగు మీద ముదురుగా. చర్మంలోని వర్ణకణాలు పరిసరాలను బట్టి ముడుచుకుని, విచ్చుకుంటాయి. అన్ని డబ్బాల కిందా ఒకే నల్ల కాగితం పరిస్తే ఈ చిక్కు తీరుతుంది.

రంగు కొలవడం

జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్న చూసింది ఎప్పుడూ ఇవాళ్టి దానికన్నా అందంగా తోస్తుంది. పెయింట్ షాపులో ఇచ్చే షేడ్ కార్డు ఒకటి తెచ్చుకోండి. పొద్దున పది గంటల వేళ కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, క్రేఫిష్ పక్కనే ఆ కార్డు పెట్టి ఫొటో తీయండి. వీపు పెంకు ఏ చతురస్రానికి దగ్గరగా ఉందో ఆ నెంబరు రాసుకోండి. డెక్కలకు వేరే నెంబరు, తోకకు వేరే నెంబరు. కెమెరా రంగులు మార్చినా కార్డు కూడా అదే ఫొటోలో ఉంది కాబట్టి పోలిక చెడదు.

ఏ రోజు కొలిచారన్నది కూడా ముఖ్యమే. కుబుసం దగ్గరపడ్డ పెంకు మసకబారి ఉంటుంది, దాని మీద నాచు, తుప్పు మరకలు కూడా పేరుకుంటాయి. పెంకు వదిలిన మొదటి రెండు రోజులు రంగు మరీ మెరుస్తుంది. ఈ రెంటి మధ్య, కుబుసం విడిచిన ఐదు నుంచి ఏడో రోజు లోపు కొలవండి. అందరినీ అదే దశలో కొలవాలి. మామూలు రంగు క్లార్కీ పిల్లలు కూడా చిన్నప్పుడు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులోనే ఉంటాయి, ఎరుపు తర్వాత వస్తుంది. అందుకే 3 సెంటీమీటర్ల లోపు దేన్నీ తీసిపారేయకండి.

తరాల లెక్క

మీ దగ్గర పరీక్షకు నిలిచిన నీలం మగది ఒక్కటే ఉందనుకుందాం. దానికి మామూలు రంగు ఆడదాన్ని కలిపారు. పిల్లలన్నీ మామూలు రంగులోనే పుట్టాయి. ఇక్కడే చాలామంది నిరాశపడి అన్నిటినీ వదిలించుకుంటారు. పదో తరగతిలో చదివిన మెండల్ బఠానీల పాఠం గుర్తు చేసుకోండి. ఆ నీలం అంతర్గత లక్షణమైతే, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేదైతే, పిల్లలన్నీ దాన్ని కనపడకుండా మోస్తున్నాయి. వాటిలోంచి ఆరోగ్యంగా ఉన్న ఆడవాటిని ఉంచుకోండి.

ఇప్పుడు రెండు దారులు. అన్నాచెల్లెళ్లను కలిపితే నాలుగింట ఒకటి నీలం వస్తుంది. కూతుర్ని తిరిగి నీలం తండ్రితో కలిపితే సగం నీలం వస్తాయి. తండ్రి ఆరోగ్యంగా ఉంటే రెండోదే నా ఎంపిక. అంత తక్కువ పిల్లలతో అంత ఎక్కువ ఫలితం ఇంకెక్కడా రాదు. అన్నాచెల్లెళ్ల దారిలో పదహారు పిల్లలను పెంచితే కనీసం ఒక్క నీలం వచ్చే అవకాశం 99 శాతం. కానీ ఒక్కటి వస్తే సరిపోదు, మగవీ ఆడవీ కావాలి. నలభై పెంచమన్నది అందుకే, అందులో పది దాకా నీలం ఆశించవచ్చు. వేర్వేరు జన్యువుల నుంచి వచ్చే రెండు అంతర్గత లక్షణాలు ఒకే క్రేఫిష్‌లో కలవాలంటే మాత్రం పదహారింట ఒకటే వస్తుంది. 99 శాతం భరోసాకు 72 పిల్లలను పెంచాలి. మొదటి ప్రాజెక్టుగా దాని జోలికి పోవద్దు.

మామూలు రంగు ఆడది నీలాన్ని మోస్తోందా లేదా అన్న అనుమానం ఉంటే నీలం మగదానితో కలిపి చూడండి. మోస్తుంటే సగం పిల్లలు నీలం రావాలి. ఏడుగురు పిల్లల్లో ఒక్కటీ నీలం లేకపోతే అది మోస్తోందనే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. పదిమందిలో లేకపోతే సుమారు వెయ్యికి ఒకటి.

ఇంకో సంగతి. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు నీలాలను కలిపినప్పుడు పిల్లలన్నీ మామూలు రంగులో రావచ్చు. ఎవరూ మోసం చేయలేదు. ఒకే రంగు రెండు వేర్వేరు జన్యువుల లోపం వల్ల వచ్చి ఉంటుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకటి పూరించేసింది. అలాంటి రెండు లైన్లను (ఒకే మూలం నుంచి తరతరాలుగా నడిపే వంశాలను) విడివిడిగానే నడపండి. నీలం జంటకు అన్నీ నీలం పిల్లలే వరుసగా రెండు కాన్పుల్లో వస్తే ఆ లైన్ స్థిరపడినట్టు.

నీలంలో ముదురు నీలం

నీలమా కాదా అన్నది ఒకటి రెండు జన్యువుల లెక్క కావచ్చు. ఎంత నిండుగా ఉంది, డెక్కల కొసల దాకా పాకిందా, పొట్ట వైపు పాలిపోయిందా అన్నవి చాలా చిన్న చిన్న జన్యువులు కలిసి చేసే పని. ఇక్కడ ఒక్క తరంలో గెంతు ఉండదు. ప్రతి కాన్పులోనూ, ఒకే వయసులో, షేడ్ కార్డు నెంబర్లు చూసి పైన ఉన్న ముగ్గురు నలుగురు ఆడవాటిని, ఇద్దరు మగవాటిని ఉంచుకోండి. రంగుతో పాటు డెక్కలు రెండూ సమంగా ఉన్నాయా, కుబుసం ఇబ్బంది లేకుండా విడుస్తోందా, మేతకు చురుగ్గా వస్తోందా కూడా చూడాలి. రంగులో మొదటి స్థానంలో ఉండి కుబుసంలో ఇరుక్కుపోయే క్రేఫిష్‌ను నేను జతకు వాడను. ఆ బలహీనత రంగుకన్నా త్వరగా లైనంతా పాకుతుంది.

దగ్గరి బంధువులను మూడు నాలుగు తరాలు కలుపుతూ పోతే గుడ్లు తగ్గడం, కుబుసంలో చావులు పెరగడం కనిపిస్తాయి. మొదటి నుంచే ‘ఎ’, ‘బి’ అని రెండు లైన్లు పెట్టుకుని, విడివిడిగా ఎంచుకుంటూ, నాలుగో తరం దగ్గర ఒకదాని మగదాన్ని ఇంకొకదాని ఆడదానితో కలపండి. చోటు లేనివాళ్లు ఒక స్నేహితుడితో చెరో లైన్ పంచుకోవచ్చు.

ఎంపికలో నిలవనివి

ఒక్క కాన్పుకు వందల పిల్లలు. మీకు కావలసినవి ఐదారు. మిగతావాటి సంగతి జత కలపకముందే ఆలోచించాలి. ఏ పరిస్థితుల్లోనూ చెరువులో, కాలువలో, వాగులో వదలకండి. క్లార్కీ గట్లకు బొరియలు తవ్వుతుంది, వరి మొలకలు తింటుంది, తడి నేల మీద నడిచి పక్క మడిలోకి పోతుంది. జపాన్‌కు 1927లో తెచ్చినది దేశమంతా పాకింది. 2023 జూన్ నుంచి అక్కడ దాన్ని అమ్మడం, బయట వదలడం నిషేధం. యూరోపియన్ యూనియన్ 2016లోనే దాన్ని ప్రమాదకర పరాయి జాతుల జాబితాలో చేర్చింది. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ క్యాట్‌ఫిష్, మన జాలర్లు డెవిల్ ఫిష్ అనేది, వలలు చింపి చేపలు పట్టేవాళ్లను ఎంత ఏడిపిస్తోందో కృష్ణా తీరంలో అడిగితే చెబుతారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రొయ్యల చెరువుల పక్కన ఉండేవాళ్లకు జాగ్రత్త రెండింతలు కావాలి. వైరస్ మోసే జీవిని, దాని తొట్టె నీళ్లను పంట కాలువలో కలపడమంటే పక్కవాడి పెట్టుబడిని పణంగా పెట్టడమే. మార్చిన నీళ్లు పూలకుండీలకు పోయండి.

పిల్లలు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే మిగులును ఆస్కార్‌లాంటి పెద్ద చేపలు పెంచేవాళ్లకు ఇవ్వవచ్చు. ఎదిగినవాటిని తీసేయక తప్పకపోతే ఐసు ముక్కలు దట్టంగా కలిపిన నీటిలో కదలిక పూర్తిగా ఆగేదాకా ఉంచి, తర్వాత ఫ్రీజర్‌లో పెట్టండి. చూడటానికి బాధే. ఈ బాధ వద్దనుకునేవాళ్లు కాన్పులు తగ్గించుకోవాలి. ఏడాదికి ఒక్క జతతో నడిపినా లైన్ ముందుకే పోతుంది.

ఇతరులకు ఇచ్చేటప్పుడు

మంచి లైన్ మీ ఒక్కరి దగ్గరే ఉంటే ఒక్క కరెంటు కోతతో పోతుంది. కనుక ఇద్దరు ముగ్గురికి పంచండి. ఒక్కోదాన్ని విడి డబ్బాలో, తడి నాచు కానీ స్పాంజ్ కానీ వేసి, కాస్త నీళ్లతో పంపండి. డబ్బా మీద చీటీ అంటించి జాతి, లైన్ పేరు, ఎన్నో తరం, తల్లిదండ్రుల రంగు, ఏ మేత మీద పెరిగింది, షేడ్ కార్డు నెంబరు ఏ రోజు కొలిచారు, అన్నీ రాయండి. బయట వదలకూడదని పెద్ద అక్షరాలతో రాయండి. ఆడదైతే చివరి కుబుసం తేదీ, ఆ తర్వాత ఏ మగదానితోనైనా కలిసిందా లేదా అన్నది కూడా. చీటీలో ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకునేవాళ్లు దాన్ని ఇంకో కుబుసం మారేదాకా ఒంటరిగా ఉంచి, అప్పుడే జతకు వాడాలి.